ఆకు గదిలో శ్రమదినాలు

ఆ ఏడు మా సంఘం శ్రమదినాలు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస దినాలు, ఒక రేషం షెడ్డులో గడిచాయి. రేషం అంటే పట్టే. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉండడం వల్ల మా వైపు పట్టుపురుగుల్ని రేషం పురుగులనే అంటారు. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో బస్సు దిగి, లోపలికి నడిస్తే కొత్తబండపల్లె వస్తుంది. ఆ ఊళ్లో మాది తొమ్మిది కుటుంబాల సంఘం. మా ఆయన జయరత్నం ఆ సంఘానికి పాస్టరు, మా మాటలో కాపరి. నేను కాపరి భార్యను, అంటే జీతం లేని రెండో కాపరిని.

అంతకు ముందు మాకు పాలకేంద్రం పక్కన ఒక అద్దె గది ఉండేది. సంక్రాంతి పోయిన వారానికి దాని యజమాని వచ్చి, తల వంచుకొని, గది తనకే కావాలన్నాడు. ఎందుకని అడిగితే, "అట్ల గాదు లేమ్మా, మా బంధువులొస్తాండారు" అన్నాడు. ఆ బంధువులు ఇప్పటికీ రాలేదు. ఊళ్లో మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, రాయి విసరలేదు. ఆ మాట నిజాయితీగా చెప్పాలి. మా వాళ్ల పాలు మాత్రం వెన్న లేదని వెనక్కి పంపేవాళ్లు. మా వాళ్ల చేను దున్నడానికి ట్రాక్టరు ఖాళీ ఉండేది కాదు. ఆటోవాడు మమ్మల్ని చూసి కూడా చూడనట్టు పోయేవాడు. ఇలాంటివి ఒకటీ అరా అయితే లెక్కపెట్టుకోం. రోజూ అయితే మనిషి నలిగిపోతాడు.

దీనికంతటికీ పెద్ద దామోదర్. ఊరి నడిమధ్యన అంగడి నడిపేవాడు, ముప్పై ఏళ్లవాడు, మాటకారి. అతనికి మా మీద ఉన్న కోపం ఊరి కోసం పుట్టింది కాదు. వాళ్లమ్మ యశోదమ్మ మా ప్రార్థనకు వస్తోంది, అదీ అసలు సంగతి. భర్త పోయిన దుఃఖంలో, ఎవరో ఒకరు పక్కన కూచుంటారని ఆమె మొదట వచ్చింది. తర్వాత వినడానికి రావడం మొదలుపెట్టింది. బాప్తిస్మం అనే మాట మా ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కొడుకు మాత్రం తల్లిని మేమేదో మూటగట్టి ఎత్తుకుపోయినట్టు చూసేవాడు. నేనే దామోదర్ తల్లినై ఉంటే ఆ కోపానికి కొంచెం మురిసిపోయేదాన్నేమో.

గది పోయిన వారమే ఈశ్వరప్ప మా ఆయన్ని దారిలో నిలబెట్టాడు. ఈశ్వరప్ప దామోదర్‌కు సొంత చిన్నాయన. ఊరంతా ఒకదారి అయితే ఉలిపికట్టెది ఒకదారి అంటారే, ఆ ఉలిపికట్టె ఈయనే. ఊరందరూ టమాటా వేస్తే ఈయన మల్బరీ వేశాడు. ఊరందరూ బోరు వేయించుకున్న చోట నీళ్లు లేవని చెప్పి, వేరే చోట వేయించి, నీళ్లు పడితే మీసం మీద చెయ్యేసుకొని తిరిగాడు.

"ఈ ఆదివారం యాడప్పా మీ ప్రార్థన?" అన్నాడు.

"దేవుడు చూపిస్తాడన్నా," అన్నాడు మా ఆయన.

"ఆయన సూపించేలోపల ఎండకు మాడిపోతారు. మా షెడ్డులో ఆకు గది ఉండాది, ఆడ కూచోండి. పురుగులుండే పక్కకు మాత్రం తొంగి గూడా సూడొద్దండప్పా."

"ఊళ్లో ఏమైనా అంటారేమోన్నా."

"అంటారనే కదా ఇస్తాండేది!"

ఆకు గదంటే, కోసుకొచ్చిన మల్బరీ ఆకు వాడిపోకుండా తడి గోతాలు కప్పి పెట్టుకునే గది. దాని పక్కనే పురుగుల గది. రెండిటికీ మధ్య గోడలో గాలికోసం ఒక కిటికీ. మొదటి ఆదివారం మేము పోయేసరికి ఈశ్వరప్ప గుమ్మంలో నిలబడి షరతులు చెప్పాడు. కాళ్లు సున్నం నీళ్లలో కడుక్కోవాలి. పౌడరు పూసుకోకూడదు, సెంటు కొట్టుకోకూడదు, ఆడవాళ్లు పూలు పెట్టుకోకూడదు. మొగవాళ్ల జేబులో బీడీ, పొగాకు ఉండకూడదు. వాసన తగిలితే పురుగులు ఆకు ముట్టవట. మా వాళ్లు గొర్రెల్లాగా తలలూపి కాళ్లు కడుక్కొని లోపలికి పోయారు. ఇంకొక మాట కూడా ఆయన చెప్పి ఉండాల్సింది. కానీ చెప్పేది క్రైస్తవులకు కదా, ఆ మాటతో వాళ్లకేం పని అనుకున్నాడు. మాలో కూడా ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మేము పుట్టి బుద్ధెరిగి ఆ పని చేసినవాళ్లం కాదు.

అలా మొదలైంది. చాపలు పరిచి, పచ్చి ఆకు వాసన మధ్య కూచొని, గొంతు తగ్గించి పాడుకునేవాళ్లం. రెండో ఆదివారం ఈశ్వరప్ప కిటికీలోంచి తల పెట్టి, "మెల్లగా పాడండప్పా, పురుగులు జ్వరంలో ఉండాయి" అన్నాడు. పురుగు కుబుసం విడిచే ముందు ఆకు మానేసి కదలకుండా పడుకుంటుంది, దాన్ని జ్వరమంటారు. పురుగులకు చెవులుంటాయో లేదో నాకు తెలియదు గాని, మా డోలక్ ఆ రోజునుంచి సంచీలోనే ఉండిపోయింది. మైకు గోల అని మా మీద పోలీసులకు అర్జీ పెట్టాలని తిరుగుతున్న దామోదర్‌కు ఆ విధంగా పని లేకుండా పోయింది. ఒకరోజు షెడ్డు బయట నిలబడి చెవి పెట్టి వినీ వినీ విసుగెత్తి వెళ్లిపోయాడు.

శ్రమదినాలు సగం గడిచాక మదనపల్లె నుంచి సాల్మన్ రాజు గారు వచ్చారు. మా ప్రాంతం సంఘాలన్నిటికీ ఆయనే పెద్ద. కారు దిగి, ఆకు గది చూసి, గోతాలు చూసి, ముక్కు దగ్గర రుమాలు పెట్టుకొని, మా ఇంట్లో కాఫీ తాగుతూ అసలు మాటకొచ్చారు.

"జయరత్నం, తొమ్మిది కుటుంబాల కోసం ఎన్నేళ్లని ఇక్కడ పడి ఉంటావయ్యా? మదనపల్లెలో హాస్టలు వార్డెను పోస్టు ఖాళీ అయింది. క్వార్టర్సు ఇస్తారు. వీళ్లను పుంగనూరు సంఘంలో కలిపేద్దాం. బస్సెక్కి పోయి వస్తారు."

"బస్సు చార్జీలు పెట్టుకొని ముసిలోళ్లు వారంవారం పోలేరు సార్," అన్నాడు మా ఆయన.

"ఈ షెడ్డు ఎన్నాళ్లు ఇస్తాడు ఆయన? ఇదీ పోతే ఈ ఊళ్లో నీకు ఇంకెవడిస్తాడు?"

సాల్మన్ రాజు గారు అన్నది అక్షరాలా నిజం. ఆ ఆకు గది పోతే కొత్తబండపల్లెలో సంఘమే లేదు.

నాకు మాత్రం సంతోషమేసింది, దాచుకోవడం ఎందుకు? నేను మదనపల్లె మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మ ఆస్పత్రిలో నర్సు. కొళాయి తిప్పితే నీళ్లు, గంట కొడితే గుడి, గోడ దాటితే బజారు, అదీ నేనెరిగిన క్రైస్తవ జీవితం. మా ఆయనది కుప్పం దగ్గర శాంతిపురం. రాతి క్వారీలో కూలిచేసే ఇంట్లో పుట్టాడు. బండ ఒకచోట పగలకపోతే ఇంకోచోట కొడతాడు గాని, సుత్తి కింద పెట్టి ఇంటికి పోదామనే ఆలోచన ఆ వంశంలోనే లేదు. పెళ్లయిన కొత్తలో అది నాకు గొప్పగా అనిపించేది.

"ఈస్టరు పండగ దాకా టైమివ్వండి సార్," అన్నాడు చివరికి. నేను ఆ రోజునుంచే మనసులో సామాన్లు సర్దడం మొదలుపెట్టాను.

యశోదమ్మ ఆ దినాల్లో యేసు నేర్పిన పరలోక ప్రార్థన నేర్చుకుంటోంది. చదువు రాదు, నోటితో చెప్పించుకొని పట్టుకోవాలి. నీళ్లకు పోయేటప్పుడు మా ఇంటి ముందర ఆగి, అప్పజెప్పేది. మొదటి రెండు వరసలు గడగడా చెప్పి, 'మా అనుదినాహారము దయచేయుము' అనే అన్నం మాట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. "ఆడికొస్తే మా వోనికి సంగటి కెలకల్లని గుర్తొస్తాదమ్మా, ఇంక ముందరికి పోదు" అని నవ్వేది. ఆమెతో మాట్లాడడం నాకు ఇష్టం. మిగతా వాళ్లతో నేను పాస్టరమ్మలాగా మాట్లాడాలి, ఆమెతో అక్కర్లేదు.

ఈస్టరుకు వారం ముందర మట్టల ఆదివారం వచ్చింది. మా వాళ్లు ఈత మట్టలు కోసుకొచ్చారు. వాటిని గుమ్మం బయటనే పెట్టించాడు ఈశ్వరప్ప, మట్టల్లో ఏ పురుగుమందు ఉంటుందోనని. ఆయన కొత్త పంట పురుగులు అప్పటికి చిటికెన వేలంత లావై, తెల్లగా, నున్నగా ఉన్నాయి. ఇంకో నాలుగు రోజుల్లో పండి గూడు కడతాయని, అవి గూళ్లు కట్టుకునే వెదురు తట్టల్ని, చంద్రికల్ని, కడిగి ఎండబెట్టుకుంటున్నాడు. అంత హుషారుగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. "ఈ పంట ఎత్తినాక మీ దేవునికి గూడా ఒక టెంకాయ కొడతానమ్మా" అన్నాడు నాతో. మా దేవునికి టెంకాయ కొట్టరని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆ రోజు కానుకలు పట్టారు. ఒకామె కోడిగుడ్లు తెచ్చింది, ఒకాయన సంచీలో రాగులు తెచ్చాడు. యశోదమ్మ కిటికీ పక్కన కూచొని అందరినీ చూస్తూ ఉంది. ఆరాధన అయ్యాక అందరం మట్టలు పట్టుకొని ఊరి దారి పట్టాం. యశోదమ్మ అందరికన్నా చివర బయటికి వచ్చింది. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకున్నాం.

సోమవారం పొద్దు బారెడెక్కేసరికి షెడ్డు దగ్గర నుంచి కేక వినిపించింది. మనిషి పోయినప్పుడు వేసే కేక లాంటిది. మేము పరుగెత్తాం.

పురుగులు చచ్చిపోతున్నాయి. తలలు పైకెత్తి ఊపుతూ, నోట్లోంచి పచ్చటి నీళ్లు కక్కుతూ, మెలికలు తిరుగుతూ, కొమ్మల మీద నుంచి రాలి పడుతున్నాయి. ఒక పక్క మొదలై, చూస్తుండగానే రెండో పక్కకు పాకింది. ఈశ్వరప్ప పొద్దున వేసిన ఆకంతా దోసిళ్లతో ఎత్తి బయటికి విసురుతున్నాడు. కొత్త ఆకు కోసం ఆయన భార్య చేలోకి పరుగెత్తింది. మా ఆయన చొక్కా విప్పి ఆయనతో పాటు ఆకు ఎత్తడానికి లోపలికి పోయాడు. కొంతసేపటికి ఇద్దరూ చేతులు వదిలేసి నిలబడ్డారు. ఎత్తినా ఎత్తకపోయినా ఒకటేనని అప్పటికే తెలిసిపోయింది.

ఊరంతా అక్కడ చేరింది. దామోదర్ అందరికన్నా ముందున్నాడు.

"నేను సెప్తానే ఉండా సిన్నాయనా, ఇన్యావా? లోపల కూచోని ఏమేమి సదువుతారో, ఏమి సల్లుతారో ఎవురికి తెలుసు? ఊరోళ్ల మాట ఇనకపోతే ఇట్లనే అయితాది!"

ఆకు గదిలోకి దూసుకుపోయాడు. మధ్య కిటికీ గట్టు మీద, గోతాల కుప్పకు సరిగ్గా పైన, ఒక మట్టిముద్ద ఉంది. దానికి గుచ్చి కాలిపోయిన ఊదుబత్తి పుల్లలు, పిడికెడు. కింద ఆకు గోతాల మీద బూడిద. పక్కన సగం ఖాళీ అయిన అట్టపెట్టె. దామోదర్ ఆ పెట్టె చేతికి తీసుకొని బయటికొచ్చాడు.

"ఇదిగో సూడండి! దోమల ఊదుబత్తి. దోమను సంపేది పురుగును సంపదా? నిన్న మొత్తం ఈ పొగ ఆకుకు పట్టించినారు. కావాలనే పెట్టినారు! ఎవురు పెట్టినారో బయటికి రమ్మను!"

మా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈశ్వరప్ప నేల మీద కూచొని ఉన్నాడు. తలెత్తకుండానే మా ఆయన్ని అడిగాడు.

"మీరు ఊదుబత్తి ఎలిగించరు కదప్పా?"

"మాకు ఆ అలవాటే లేదన్నా."

"మరి?"

అక్కడ ఉన్నవాళ్లలో బుర్ర ఉన్న ప్రతివాడికీ అర్థం కావాల్సిన సంగతి అది. దేవుని దగ్గర ఊదుబత్తి వెలిగించాలని క్రైస్తవుల ఇంట్లో పుట్టినవాడికి తోచదు. కొత్తగా వచ్చిన మనిషికే తోస్తుంది. దామోదర్ ఇంకా అరవడానికి నోరు తెరిచి, చేతిలోని పెట్టెను తిప్పి చూశాడు. దాని మీద ధర చీటీ అతికించి ఉంది, అతని అంగట్లోనే అతికించే పచ్చ చీటీ. ఆ చీటీని కాసేపు చూశాడు. తర్వాత పెట్టెను మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. గుంపులో వెనక నుంచి ఎవరో "ఎవురంట్రా?" అని అడిగితే పలకలేదు.

అతను పలికేలోపలే మా ఆయన పలికాడు. "మా ప్రార్థనలో జరిగింది గాబట్టి తప్పు నాదేనన్నా. ఎవరు పెట్టినా నేను పెట్టినట్టే."

దామోదర్ మా ఆయన వైపు ఒకసారి చూసి, కళ్లు తిప్పుకున్నాడు. కాదని అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట నేను అనగలిగి ఉంటే ఆ పూట ఊరు ఇంకో రకంగా ఉండేది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్న తీరు చూసి నోరు మూసుకున్నాను.

"గది కాళీ చేయండప్పా," అన్నాడు ఈశ్వరప్ప. తిట్టలేదు, అరవలేదు. తిట్టి ఉంటే మా ఆయన తట్టుకొని ఉండేవాడు.

ఆ రోజు సాయంత్రం చచ్చిన పురుగుల్ని చేను గట్టున గుంత తీసి, సున్నం చల్లి పూడ్చారు. మా ఆయన కూడా పలుగు పట్టుకొని పోయాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కోకుండానే గడప మీద కూచున్నాడు.

"సాల్మన్ రాజు సార్‌కు ఫోన్ చెయ్యి శైలజా. వస్తాండామని చెప్పు."

నేను నమ్మలేదు. "మీరేనా ఈ మాట అనేది?"

"ఒకరు తరిమితే నిలబడచ్చు. మనమే ఒకరి పంట తీసినాక ఏ మొగం పెట్టుకొని నిలబడేది? ఆయన ఊరిని కాదని చోటిచ్చినాడు. రేపటినుంచి ఊరు ఆయన్ని చూసి నవ్వుతాది. నేను ఆయన ముందర బైబిలు పట్టుకొని తిరగాల్నా?"

గది తీసేస్తే లొంగలేదు, పాలు తిప్పి పంపితే లొంగలేదు, ఆటో ఆపకపోతే మండుటెండలో నడిచాడు. ఇన్నేళ్లలో ఊరు చేయలేని పని ఊదుబత్తులు చేశాయి. నేను ఫోన్ చేశాను. సాల్మన్ రాజు గారు దేవునికి స్తోత్రం అని, శనివారం పొద్దున టెంపో పంపిస్తానన్నారు. నేను కోరుకున్నదే జరిగింది. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు, ఎందుకో ఆలోచించడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

మంగళ, బుధవారాల్లో మా ఆయన ఇల్లిల్లూ తిరిగి మా వాళ్లకు చెప్పాడు. గుడ్ ఫ్రైడేకి, ఈస్టరుకి పుంగనూరు గుడికి పోండి, అక్కడి అయ్యగారితో మాట్లాడినాను అని. కొందరు ఏడ్చారు. ఒక ముసలాయన మాత్రం, "మేము మిమ్మల్ని పొమ్మంటే గదా మీరు పోవాల్సింది" అన్నాడు. దామోదర్ ఇంటికి పోయి వాళ్లమ్మకు చెప్పే ధైర్యం మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం, ఆకు గదిలో ఉండిపోయిన చాపలు, డోలక్ తెచ్చుకోవాలని నేను షెడ్డుకు పోయాను. మా ఆయన రానన్నాడు. మామూలుగా అయితే ఆ పూట మేము ఉపవాసంతో మూడు గంటలు కూచొని, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ధ్యానం చేస్తాం. పెళ్లయ్యాక ఆ ఆరాధన లేని గుడ్ ఫ్రైడే నాకు అదే మొదటిది.

షెడ్డు తలుపులన్నీ తీసి ఉన్నాయి. ఈశ్వరప్ప లోపల బ్లీచింగు నీళ్లు పోసి నేల రుద్దుతున్నాడు. నన్ను చూసి పొరక ఆపాడు.

"మా వదిన పొద్దున్నుంచి ఆడ కూచోనుండాదమ్మా. నేను పొమ్మనీ సెప్పలే, రమ్మనీ సెప్పలే," అని మళ్లీ రుద్దుకోవడంలో పడ్డాడు.

ఆకు గదికి తాళం వేసి ఉంది. దాని మెట్టు మీద యశోదమ్మ కూచుంది. నీడ జరిగిపోయి ఎండ మొహం మీద పడుతున్నా కొంగు కప్పుకొని అక్కడే ఉంది.

"వచ్చినావామ్మా? టయిమయింది గదా, ఇంకా ఎవురూ రాలేదేమని సూస్తాండా. అయ్యగారు యాడ?"

"ఆయన... ఇంట్లో ఉండారు."

"నేను గూడా ఏమీ తినలేదు. ఈ దినం తినగూడదని పోయిన వారం సెప్పినాడు గదా."

నేను మెట్టు మీద కూచున్నాను. ఏం చెప్పాలో తెలియక, "ఊదుబత్తులు పెట్టింది మీరేనని మాకు తెలుసు" అన్నాను. అలా అనాలని అనుకోలేదు.

"తెలీకుండా ఎట్లుంటాది?" అంది యశోదమ్మ. "సోమారం సాయంత్రమే నేను మా మరిదికి సెప్పినా. కాళ్లు బట్టుకున్యా. అందురూ గుడ్లు తెస్తిరి, రాగులు తెస్తిరి. నా సేతిలో ఏముండాది? గల్లాపెట్టె తాళం మా వోని మొలతాడుకే ఉంటాది. దేవుని కాడికి ఉత్తసేతుల్తో ఎట్ల వచ్చేది? అంగట్లో మల్లెపువ్వు బొమ్మ ఉండే పెట్టె సూసి, మంచి వాసనుంటాదని తెచ్చినా. ఎనకపక్క దోమ బొమ్మ ఉండాదని నాకు యాడ తెలుసు తల్లీ?"

ఆమె ఏడవలేదు. మూడు నాలుగు రోజులుగా ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది.

"దామోదర్ ఏమన్నాడు?"

"నా తట్టా సెంబూ ఏరు జేసి పంచలో పెట్టినాడు. ఈ దినం ఇట్ల పోతే మల్లా ఇంట్లోకి రావద్దన్యాడు."

"అయినా వచ్చినారా?"

"వాడు అట్లనే అంటాడు. ఆకలైతే అమ్మా అని నా కాడికి రావల్ల గదా, వండేది నేనే గదా." కొంగు ముందుకు లాక్కొని మళ్లీ అంది. "సంపింది నేను. నేనే రాకపోతే ఎట్లమ్మా? తప్పు జేసినోళ్లు గూడా రావచ్చని గదా అయ్యగారు సెప్పింది?"

నేను పుట్టినప్పటినుంచి గుడిలో ఉన్నదాన్ని. లెక్కలేనన్ని గుడ్ ఫ్రైడే ప్రసంగాలు విన్నాను, కొన్ని నిద్రపోతూ విన్నాను. సిగ్గేసింది. ఎండవల్ల అనుకుందామంటే కాదు, సిగ్గే.

"అయ్యగారు రాకుంటే నువ్వే సెప్పు తల్లీ. నేను ఆ ప్రార్థన అప్పజెప్తా, తప్పుంటే దిద్దు."

కళ్లు మూసుకొని మొదలుపెట్టింది. గడగడా వచ్చి, అన్నం మాట దాటింది. దాని తర్వాతిది క్షమించమనే మాట. అక్కడ ఆగిపోయింది. మరిచిపోయిందేమో అని నేను అందించబోయాను. ఆమె పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకొని ఆ మాట నేనే పలికాను. ఆమె నా వెనకే పలికింది. లోపల పొరక చప్పుడు ఆగింది. మేమిద్దరం ఆమేన్ అన్నాక మళ్లీ మొదలైంది.

లేచేటప్పుడు మోకాళ్ల మీద చేతులు వేసుకొని, "ఆదివారం పండగంట గదా. ఎన్ని గంటలకు రావల్ల?" అని అడిగింది.

మేము రేపు వెళ్లిపోతున్నాం, మీరు పుంగనూరు గుడికి పోండి అని చెప్పాలి. ఆ రెండు ముక్కలూ నాలుక మీదనే ఉన్నాయి. ఆ ముసలమ్మ నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"తెల్లారకముందే రండి," అన్నాను.

చాపలూ డోలక్కూ లేకుండా ఇంటికొచ్చాను. తాళం వేసి ఉందన్నాను మా ఆయనతో. అది అబద్ధం కాదు.

శనివారం చెప్పిన వేళకే టెంపో వచ్చింది. డ్రైవరు అజయ్ అని మదనపల్లె కుర్రవాడు. ఇంటి ముందర వెనక్కి తిప్పి పెట్టి, తలుపు తెరిచి, ముందు మంచం ఇమ్మన్నాడు. వీధిలో నలుగురు చేరారు. దామోదర్ అంగడి అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. మా ఆయన పుస్తకాల పెట్టె ఎత్తుకొని గడప దాటాడు. ఐదు రోజుల్లో ఐదేళ్లు పైబడినట్టున్నాడు.

"నాయనా అజయ్," అన్నాను నేను. "బండి వెనక్కి తీసుకుపో. సార్‌కు నేను ఫోన్ చేసి చెప్పుకుంటా."

మా ఆయన పెట్టె ఎత్తుకునే నిలబడిపోయాడు. "ఏమైంది నీకు?"

"రేపు పండగ. యశోదమ్మను తెల్లారకముందే రమ్మని చెప్పినాను."

"యశోదమ్మనా? వస్తానన్నాదా?" గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వు యాడికి రమ్మన్నావు? మనకు చోటు యాడుండాది?"

"యాడికో నేను చెప్పలేదు. రమ్మని మాత్రం చెప్పినా. చోటు చూసేది మీ పని."

డ్రైవరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మా ఆయన పెట్టెను మెల్లగా గడప మీద దించాడు. చేతులు పంచెకు తుడుచుకొని, చెప్పుల్లో కాళ్లు పెట్టి, ఊళ్లోకి పోయే దారి పట్టాడు.